పానగల్లు నీడ కోసం ఒక బోలెక్స్: ప్రాజెక్టు డైరీ

దసరా సెలవులు

నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కందూరు చోడుల కాలపు గుడి. గర్భగుడిలో శివలింగం మీదుగా, వెనక గోడ మీద ఒక స్తంభం నీడ నిలువుగా పడుతుంది. పొద్దున చూసినా అక్కడే, సాయంత్రం చూసినా అక్కడే. ఆ నీడను ఒక రోజంతా ఒక్కో ఫ్రేము చొప్పున 16 ఎంఎం ఫిల్మ్ మీద తీయాలి, ఆ ఫిల్మ్‌ను ఇంట్లోనే కడగాలి. ఫిల్మ్ కోర్సులో నా చివరి ఏడాది ప్రాజెక్టు ఇదే.

డిజిటల్‌లో అయితే ఒక పూట పని కదా అని క్లాసులో అడిగారు. నిజమే. కానీ సినిమా ఫ్రేము ఫ్రేముగా ఎలా పుడుతుందో నా వేళ్ళకు తెలియాలి. సెన్సార్ ఉన్న కెమెరా లోపల ఏం జరుగుతుందో చదువుకోగలను గానీ చూడలేను. పాత కెమెరా మూత తీస్తే అంతా కంటి ముందే ఉంటుంది: ఫిల్మ్‌ను కిందికి లాగే గోరు, వెలుగును మూసి తెరిచే షట్టర్ రేకు, వేగాన్ని అదుపులో పెట్టే గవర్నర్. చూసినది అర్థమవుతుంది, అర్థమైనది బాగు చేయవచ్చు. అది కూడా నల్లగొండలో ఉన్న చేతులతోనే చేయవచ్చని నా నమ్మకం. దాన్ని చేసి చూపించాలనే ఈ డైరీ రాస్తున్నాను.

కెమెరా బోలెక్స్ హెచ్16 రిఫ్లెక్స్. గడియారం సెంటర్ దగ్గర చాలా ఏళ్ళు ఫోటో స్టూడియో నడిపిన తాత ఇచ్చాడు. ప్రచార చిత్రాలు తీసే ఒక యూనిట్ మూతపడ్డప్పుడు వేలంలో కొని బీరువా మీద పెట్టాడట. ఇస్తూ రెండు షరతులు పెట్టాడు. "ఏడా కొత్త బొక్క కొట్టొద్దు బిడ్డా. ఊడదీసిన ప్రతి స్క్రూ మల్ల దాని జాగలకే పోవాలె." పాత యంత్రాల మీద పని చేసేవాళ్ళందరికీ ఈ రెండు మాటలు చాలనిపించింది.

తోలు పెట్టెలో కెమెరా, కీ ఇచ్చే పిడి, రెండు లెన్సులు ఉన్నాయి. ఒకటి 25 ఎంఎం స్విటార్, ఎఫ్ 1.4 (ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుగును లోపలికి పంపుతుంది). రెండోది 75 ఎంఎం ఇవార్. ముందువైపు తిరిగే పళ్ళెం మీద మూడు లెన్సులకు చోటుంది, మూడోది మూతతో ఉంది. స్విటార్ మీద ఆర్ఎక్స్ అని చెక్కి ఉండటం చూసి నా ప్రాణం కుదుటపడింది. ఈ కెమెరాలో లెన్సుకూ ఫిల్ముకూ మధ్య ఒక గాజు పట్టకం ఉంటుంది. అది కొంత వెలుగును పైకి తిప్పి మన కంటికి పంపుతుంది, మిగతాది ఫిల్మ్‌కు పోతుంది. అంత మందం గాజు దారిలో ఉంటే 50 ఎంఎం, అంతకన్నా తక్కువ లెన్సుల బొమ్మ పదును చెడుతుంది. ఆర్ఎక్స్ లెన్సులు ఆ గాజును లెక్కలోకి తీసుకుని చేసినవి. 75 ఎంఎంకు ఆ ఇబ్బంది లేదు.

బోలెక్స్ పేరు జాక్ బొగొపోల్‌స్కీ అనే ఇంజనీరు నుంచి వచ్చింది. స్విట్జర్లాండ్‌లో సెంట్ క్రోయా ఊరి పయ్యార్ కంపెనీ 1930లో ఆయన వ్యాపారాన్ని కొన్నది. 1935లో హెచ్16 బయటికి తెచ్చింది. పట్టకం ఉన్న రిఫ్లెక్స్ మోడల్ 1956లో వచ్చింది. పయ్యార్ వాళ్ళు అంతకు ముందు నుంచే సంగీతపు పెట్టెలు, గ్రామఫోన్లు చేసేవాళ్ళు. స్ప్రింగుకు కీ ఇచ్చి, అది నెమ్మదిగా, ఒకే వేగంతో విప్పుకునేలా చేయడం వాళ్ళకు పాత విద్య. ఈ కెమెరా కూడా అదే విద్య మీద నడుస్తుంది. బ్యాటరీ లేదు, కరెంటు లేదు. పూర్తిగా కీ ఇస్తే సెకనుకు 24 ఫ్రేముల వేగంతో సుమారు 28 సెకన్లు నడిచి ఆగుతుంది.

అక్టోబరు చివర

మొదటి పరీక్ష వేగం. పక్కన ఫ్రేముల లెక్క చూపే ముల్లు ఉంది. 24 దగ్గర పెట్టి పది సెకన్లు నడిపితే 240 ఫ్రేములు తిరగాలి. 190 దగ్గరే ఆగింది. చప్పుడులో కూడా తేడా ఉంది, మొదట చురుగ్గా మొదలై చివరికి మూలుగుతోంది. ఏళ్ళ తరబడి కదలని గ్రీజు లోపల గట్టిపడిందన్నమాట.

ప్రకాశం బజార్‌లో చేతి గడియారాలు బాగు చేసే కాక దగ్గరికి తీసుకుపోయాను. కెమెరా చూసి ముందు భయపడ్డాడు. పక్క మూత తీసి పళ్ళ చక్రాలు చూపించాక కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఇది పెద్ద వాచీనే గదా. స్విస్ మాలు. మాకు కొత్త గాదు" అని కంటికి భూతద్దం పెట్టుకున్నాడు. ముందే ఒక మాట అనుకున్నాం: స్ప్రింగు ఉన్న డబ్బీని తెరవము. బిగిసిన స్ప్రింగు ఒక్కసారిగా విప్పుకుంటే వేళ్ళు తెగుతాయి. ఏ స్క్రూ ముట్టుకోకముందే కెమెరాను ఆగేదాకా నడిపి స్ప్రింగును పూర్తిగా ఖాళీ చేశాం.

తీసే ప్రతి స్క్రూనూ ఒక తెల్ల కాగితం మీద, అది ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడ గీత గీసి పెట్టాను. ఫోన్‌తో ఫోటోలు కూడా తీశాను గానీ, కాక ఫోటోలు చూడలేదు, కాగితాన్నే చూశాడు. గవర్నర్ ఇరుసు దగ్గర గ్రీజు పసుపు రంగు మైనంలా ఉంది. వైట్ పెట్రోల్‌లో ముంచిన సన్న బ్రష్షుతో కడిగి, ఆరిన తర్వాత గడియారాల నూనెను సూది మొనతో ఒక్కో చుక్క పెట్టాడు. ఎక్కువ పెడితే ఏమవుతుందని అడిగాను. ఎక్కువైన నూనె పాకుతుందని, పాకితే ఫిల్మ్ దాకా పోతుందని చెప్పాడు. కెమెరా సర్వీసు ఎప్పుడూ చేయని మనిషికి ఆ విషయం చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఫిల్మ్ నిలబడే గేటును నేనే తుడిచాను. అక్కడ ఇనుప వస్తువు తగలకూడదు. కంటికి కనిపించని గీత పడినా, నూరు అడుగుల పొడవునా ఫిల్మ్ మీద నిలువు గీత వస్తుంది. వెదురు పుల్ల కొసకు మెత్తటి గుడ్డ చుట్టి, పాత ఫిల్మ్ నుంచి రాలి అంటుకున్న పొక్కును గీకి తీశాను.

ఒక భాగం లేదు. లెన్సుల పళ్ళెం వెనక సన్నటి చీలిక ఉంటుంది. అందులో ఫిల్టర్ పెట్టుకునే చిన్న రేకు పట్టీ ఎప్పుడూ ఉండాలి, ఫిల్టర్ లేకపోయినా ఖాళీ పట్టీ అయినా ఉండాలి. లేకపోతే ఆ చీలికలోంచే వెలుగు దూరి ఫిల్మ్ పొగచూరినట్టవుతుంది. కాక ఇత్తడి రేకును కత్తిరించి, ఆకురాయితో అరగదీసి, మధ్యలో కిటికీ కోసి పట్టీ చేసిచ్చాడు. నల్ల రంగు నేను వేశాను. జారకుండా, బిగుసుకోకుండా సరిగ్గా కూర్చుంది. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా నచ్చిన వస్తువు ఇప్పటికి అదే.

మళ్ళీ పరీక్ష. ఈసారి ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి, లెన్సు తీసిన చోట టార్చి వేసి, వెనక నుంచి గేటులోకి చూస్తూ తీశాను. కెమెరా సరిగ్గా 24లో ఉంటే షట్టర్ మెరుపు ఫోన్ వీడియోలో పది ఫ్రేములకొకసారి రావాలి. వచ్చింది. మొదట్లో, మధ్యలో, స్ప్రింగు ఖాళీ అయ్యే ముందు, అన్ని చోట్లా పదికే వచ్చింది.

నవంబరు

ఫిల్మ్ వచ్చింది. ఈస్ట్‌మన్ డబుల్-ఎక్స్ 7222, బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్. 1959 నుంచి తయారవుతున్న ఫిల్మ్. పగటి వెలుగుకు దాని వేగం, అంటే వెలుగును పట్టే శక్తి, 250. నూరు అడుగుల స్పూలు, అంటే 4,000 ఫ్రేములు, 24 వేగంతో 2 నిమిషాల 46 సెకన్లు. స్పూలు అంచులు ఫిల్మ్‌ను కప్పి ఉంచుతాయి కాబట్టి నీడ పట్టున పగలే ఎక్కించవచ్చు. అమ్మ ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ల వెనక చోటిచ్చింది. వాడే ముందు రోజు రాత్రే బయట పెట్టాలి. చల్లటి డబ్బాను వెంటనే తెరిస్తే గాలిలో తేమ ఫిల్మ్ మీద నీళ్ళుగా పేరుకుంటుంది.

స్టూడియో తాత ఇచ్చిన పాత తుక్కు రీలుతో ఎక్కించడం ముందు సాధన చేశాను. బోలెక్స్‌లో ఫిల్మ్ కొసను లోపలి కత్తెరతో వంపుగా కత్తిరించి పళ్ళ చక్రం దగ్గర పెట్టి నడిపిస్తే, దారి దానికదే వెతుక్కుని అవతలి వైపు బయటికి వస్తుంది. గేటుకు పైనా కిందా రెండు ఉంగరాల్లా ఫిల్మ్ వదులుగా నిలవాలి. ఎందుకంటే చక్రాలు ఫిల్మ్‌ను ఆగకుండా తిప్పుతాయి, గోరు మాత్రం ఒక్కో ఫ్రేముకు లాగి ఆపుతుంది. ఆ రెండు నడకల మధ్య తేడాను ఈ వదులే భరిస్తుంది. 35 ఎంఎంలో మన తెలుగు సినిమాలు ఏళ్ళ తరబడి తీసిన ఆరిఫ్లెక్స్ 2సీ లోపలా ఇదే సూత్రం. అందులో 400 అడుగుల మ్యాగజైన్ నాలుగున్నర నిమిషాల లోపే అయిపోతుంది. రిహార్సల్ అన్నిసార్లు ఎందుకు చేసేవాళ్ళో ఈ లెక్క తెలిశాక నాకు బాగా అర్థమైంది.

కొత్త రీలులో మొదటి ముప్పై అడుగులు పరీక్షకు వాడాను. ఉదయసముద్రం కట్ట మీద, మిట్టమధ్యాహ్నం. 24 వేగంలో ఈ కెమెరా ఒక్కో ఫ్రేముకు సెకనులో 65వ వంతు వెలుగునిస్తుంది. 250 వేగం ఫిల్మ్‌కు మన ఎండలో అది చాలా ఎక్కువ, ఎఫ్ 22 దాకా మూసినా సరిపోదు. షట్టర్ రేకును సగం మూసే మీట ఈ మోడల్‌కు ఉంది, దాన్ని సగానికి దించి, ముందు వెలుగును తగ్గించే బూడిద రంగు గాజు, ఎన్‌డీ ఫిల్టర్, పెట్టి తీశాను. చెరువు నీళ్ళు, కట్ట మీద మేకలు, మా చెల్లె సైకిలు. ఒక్కో షాట్‌ను ఒక స్టాప్ ఎక్కువ (అంటే రెట్టింపు వెలుగు), ఒక స్టాప్ తక్కువ (అంటే సగం వెలుగు) పెట్టి మళ్ళీ తీశాను. తర్వాత నల్ల సంచిలో చేతులు పెట్టి ఆ ముక్కను కత్తిరించి డబ్బాలో దాచాను.

డ్రమ్ము తయారీ

ఇక్కడి నుంచి అసలు పని. ముప్పై మీటర్ల ఫిల్మ్‌ను చీకట్లో, ఎక్కడా ఒకదానికొకటి అంటుకోకుండా, అన్ని చోట్లా ఒకేలా మందు తగిలేలా కడగాలి. తొలినాళ్ళ స్టూడియోల్లో చెక్క చట్రాలకు ఫిల్మ్ చుట్టి తొట్టెల్లో ముంచేవాళ్ళు. తిరిగే డ్రమ్ము అయితే తొట్టెలో కొంచెం మందే చాలు, అందుకని దాన్ని ఎంచుకున్నాను.

లెక్క ఇది. 40 సెంటీమీటర్ల వ్యాసంతో 16 పైపులను గుండ్రంగా నిలబెడితే చుట్టుకొలత సుమారు 1.25 మీటర్లు. నూరు అడుగులంటే 30.5 మీటర్లు, కాబట్టి 25 చుట్లు. డ్రమ్ము పొడవు 70 సెంటీమీటర్లు పెడితే ఒక్కో చుట్టుకు 28 మిల్లీమీటర్ల చోటు. ఫిల్మ్ వెడల్పు 16, మధ్యలో 12 ఖాళీ. చీకట్లో చేతికి తెలియడానికి ఆ ఖాళీ కావాలి.

రెండు వైపుల గుండ్రటి పలకలకు చెక్క వద్దనుకున్నాను. చెక్క మందును పీల్చుకుని తర్వాతి తొట్టెలోకి మోసుకుపోతుంది. సైన్ బోర్డులు చేసే షాపులో మందపాటి యాక్రిలిక్ షీటును గుండ్రంగా కోయించాను. పైపులు కరెంటు వైరింగుకు వాడే సన్న ప్లాస్టిక్ పైపులే. ఇరుసుకు నీళ్ళ పైపు. మా వీధి ప్లంబర్ అన్న అవన్నీ ఎల్బోలతో, గమ్ముతో ఒక పూటలో బిగించి, తిప్పడానికి పిడి కూడా పెట్టాడు. ఒక పైపు పొడవునా చుట్టుకొకటి చొప్పున చిన్న వెదురు పుల్లలు నాటాను. చీకట్లో వేలితో తడిమితే ఏ చుట్టు ఎక్కడికి పోవాలో అవే చెబుతాయి.

తొట్టెల కోసం నీలం రంగు నీళ్ళ డ్రమ్ము. మా ఊళ్ళో అది లేని ఇల్లు ఉండదు. నిలువునా కోస్తే రెండు తొట్టెలయ్యాయి. ఒకటి బొమ్మను బయటికి తెచ్చే డెవలపర్‌కు, ఒకటి ఆ బొమ్మను నిలిపే హైపోకు. మధ్యలో కడగడానికి ఇంకో ప్లాస్టిక్ తొట్టి. అడుగున వంపు ఉంది కాబట్టి ఎనిమిది లీటర్లు పోస్తే డ్రమ్ము అడుగు భాగం మునుగుతుంది.

ఇంకొక సంగతి. తడిసిన ఫిల్మ్ ఉబ్బి కొద్దిగా పొడవు పెరుగుతుంది. బిగించి చుట్టిన ఫిల్మ్ మందులో పడగానే వదులై జారుతుంది. రెండు కొసలకూ రబ్బరు బ్యాండ్లు కట్టి పైపుకు తగిలించాను. ఫిల్మ్ పెరిగినంత మేరా రబ్బరు లాక్కుంటుంది.

డెవలపర్‌గా డీ-76 నేనే కలుపుతున్నాను. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. దీన్ని ఎనిమిది రెట్లు చేసుకోవడమే. కలిపే వరుస ముఖ్యం. సల్ఫైట్ ఎక్కువగా ఉన్న నీళ్ళలో మెటాల్ కరగదు. అందుకని చిటికెడు సల్ఫైట్ వేసి, మెటాల్ కరిగించి, ఆ తర్వాతే మిగతా సల్ఫైట్ పోయాలి. డ్రమ్ము తిరుగుతుంటే మందుకు గాలి బాగా తగిలి తొందరగా పాడవుతుంది. ఒకసారి వాడినది పారబోయాల్సిందే.

నీళ్ళ సంగతి వేరే చెప్పాలి. నల్లగొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరుంది. అంత బాధపడిన జిల్లా మాది. ఫిల్మ్‌కు మాత్రం బోరు నీళ్ళలోని కాల్షియంతోనే గొడవ. నీళ్ళు ఆరిపోయినా సున్నపు మచ్చలు మిగులుతాయి. మందులు కలపడానికి వాటర్ ప్లాంటు క్యాన్లు, చివరి కడుగుడుకు బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ వాడుతున్నాను. వేసవిలో అయితే ఈ పని మా ఇంట్లో కుదరదు. మేడ మీద ట్యాంకు నీళ్ళు చేయి పెట్టలేనంత కాగుతాయి, వేడికి ఫిల్మ్ మీది జెలటిన్ మెత్తబడి ఊడిపోతుంది. చలికాలం రాత్రి, రంజన్‌లో నిలవ ఉంచిన నీళ్ళు 22 డిగ్రీలకు వచ్చాయి. అన్ని తొట్టెల్లో నీళ్ళూ ఒకే వేడిలో ఉండేలా థర్మామీటరు పెట్టి చూసుకున్నాను.

నవంబరు చివర, పరీక్ష ముక్క

వెనక స్టోరు గది కిటికీలకు నల్ల టార్పాలిన్ కొట్టి, తలుపు కింద పాత చద్దరు కుక్కాను. డబుల్-ఎక్స్ అన్ని రంగుల వెలుగుకూ స్పందిస్తుంది, ఎర్ర బల్బు కూడా పనికిరాదు. కళ్ళకు గంత కట్టుకుని తుక్కు రీలును చుట్టి చుట్టి అలవాటు చేసుకున్నాను కాబట్టి చేతులు తడబడలేదు. చెల్లె తలుపు బయట కూర్చుని నిమిషాలు చెప్పింది. ముప్పై అడుగులను మూడు ముక్కలు చేసి ఆరు, ఎనిమిది, పది నిమిషాల చొప్పున కడిగాను. ఎనిమిది నిమిషాల ముక్కలో చెరువు నీళ్ళ మెరుపూ, మేకల నల్లటి ఒళ్ళూ రెండూ నిలిచాయి. పదిలో ఆకాశం మూసుకుపోయింది. ఎనిమిదికే ఖాయం చేశాను.

ఎక్కడా గీతల్లేవు. ఇత్తడి పట్టీ దగ్గర వెలుగు దూరలేదు. ఆ ముక్క తీసుకుని బజారుకు పోయి కాకకు చూపించాను. వాచీల భూతద్దంతోనే ఒక్కో ఫ్రేము చూసి "గోరు మంచిగ పట్టింది" అన్నాడు. పళ్ళ రంధ్రాల అంచులు చూశాడు, బొమ్మల కన్నా ముందు.

డిసెంబరు, పానగల్లు

అనుమతి కాగితం ముందే తీసుకున్నాను. పూజారి గారు రెండు మాటలు చెప్పారు: గర్భగుడి గడప దాటొద్దు, లోపల లైటు వేయొద్దు. వేయకూడదనే నాకూ ఉంది.

చిత్రీకరణకు ముందు ఒక రోజు ఉత్తగా కూర్చుని చూశాను. సూర్యకిరణం నేరుగా పడి ఏర్పడే నీడ అయితే గంట గంటకూ జరగాలి. ఇక్కడ లోపలికి వచ్చేది ఎండ కాదు. బయటి రాళ్ళ మీద, నేల మీద, ఆకాశం నుంచి చెదిరి మంటపంలోకి చేరిన వెలుగు. అది సూర్యుడు ఎక్కడున్నా దాదాపు అవే తెరుపుల్లోంచి వస్తుంది. స్తంభాల మధ్య దూరాలూ, గోడల కొలతలూ ఆ వెలుగుకు తగ్గట్టు కుదిరాయి. ఎదుట నిలబడి ఏ స్తంభం నీడో వెతికితే ఒక పట్టాన దొరకదు. ఇంత మెత్తటి వెలుగు నుంచి ఒక నిలువు గీతను రాబట్టిన శిల్పులు వెలుతురు గురించి నా సినిమాటోగ్రఫీ పుస్తకాల కన్నా ఎక్కువ తెలిసినవాళ్ళు. ఈ మాట నేను భక్తితో అంటున్నాను, టెక్నికల్‌గా కూడా అంటున్నాను.

ఆ చీకటికి 24 వేగంతో తీయడం కుదరదు. బోలెక్స్‌లో ఐ, టి అని గుర్తులున్న చిన్న మీట ఉంది. టి దగ్గర పెడితే, పక్క మీటను నొక్కి పట్టినంతసేపూ ఆ ఒక్క ఫ్రేముకు షట్టర్ తెరిచే ఉంటుంది. లైట్ మీటరు ఎఫ్ 2.8కు ఒక సెకను చూపించింది. పట్టకం తినే వెలుగును కూడా లెక్కేసుకున్నాను. పది సెకన్లకొక ఫ్రేము, ఉదయం ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా. ఎనిమిది గంటలకు 2,880 ఫ్రేములు, 72 అడుగులు, తెర మీద రెండు నిమిషాలు. మిగిలి ఉన్నది పరీక్ష ముక్క పోగా డెబ్బై అడుగులే. అందుకని దీనికోసం రెండో రీలు తెరిచాను.

లెన్సు 25 ఎంఎం. నాలుగు మీటర్ల దూరం నుంచి సుమారు 1.6 మీటర్ల వెడల్పు ఫ్రేములోకి వస్తుంది. లింగం, దాని వెనక నీడ, రెండు పక్కలా కొంచెం గోడ. ట్రైపాడ్ కింద ఇసుక సంచి వేలాడదీశాను. ఫోకస్ చూసుకున్న తర్వాత, కన్ను పెట్టి చూసే ఐపీస్‌కు మూత పెట్టేశాను. పట్టకం రెండు వైపులా పని చేస్తుంది కాబట్టి, మూత లేకపోతే వెనక నుంచి వచ్చిన వెలుగు కూడా ఫిల్మ్ మీదే పడుతుంది. ఒక్కో ఫ్రేము సెకను సేపు తెరిచి ఉండే చోట అది చిన్న విషయం కాదు.

ఎపర్చర్, అంటే లెన్సులో వెలుగు పోయే రంధ్రం, మార్చాలా వద్దా అన్నది అన్నిటికన్నా పెద్ద ఆలోచన. వెలుగు మారినప్పుడల్లా సరిచేస్తూ పోతే రోజంతా ఒకే రంగులో ఉంటుంది, చూడటానికి హాయిగా ఉంటుంది. కానీ అప్పుడు పగలు లేచి దిగడం కనిపించదు. నీడ కదలకపోవడం ఎంత నిజమో, చుట్టూ వెలుగు మారడం కూడా అంతే నిజం. అందుకని పొద్దున పెట్టిన ఎఫ్ 2.8ను సాయంత్రం దాకా ముట్టుకోలేదు. రోజంతా మీటరు తేడా రెండు స్టాపులు దాటలేదు, ఆ మాత్రం ఈ నెగెటివ్ భరిస్తుంది.

చెవిలో ఇయర్‌ఫోన్, ఫోన్‌లో మెట్రోనోమ్, సెకనుకొక టిక్కు. పదో టిక్కుకు నొక్కి, పదకొండుకు వదలాలి. అలవాటయ్యాక ఊపిరి కూడా దాంతోనే నడిచింది. చెల్లె నూరు ఫ్రేములకొకసారి టైమూ, మీటరు రీడింగూ నోటుబుక్కులో రాసింది. స్ప్రింగుకు మధ్యమధ్య రెండు ఫ్రేముల నడుమ కీ ఇచ్చాను. ఒక చేత్తో కెమెరా ఒళ్ళు పట్టుకుని ఇంకో చేత్తో తిప్పాలి, లేకపోతే ఫ్రేము జరుగుతుంది. ఆ కాసేపు మాత్రం చాలా టెన్షన్. భక్తులు వస్తూ పోతూ ఉన్నారు. ఒక పెద్దమ్మ "ఏం జేస్తున్నవ్ బిడ్డా, గంటసేపటి సంది గట్లనే నిలబడ్డవ్" అని అడిగింది. నీడ ఫోటో తీస్తున్నానని చెబితే, "నీడకు ఫోటో ఎందుకు, ఏడికి పోతది అది" అని దండం పెట్టుకుని పోయింది. సెకను సేపు గడప దగ్గర ఆగినవాళ్ళు ఒక్క ఫ్రేములో పొగలా మిగులుతారు. వాళ్ళను ఆపమని ఎవరినీ అడగలేదు. గుడి అన్నాక మనుషులు ఉండాలి.

మిగిలిన ఫిల్మ్‌తో సాయంత్రం గుడి బయట చెక్కడాలనూ, కోనేటినీ 24 వేగంతో తీసి రీలు పూర్తి చేశాను.

అమావాస్య రాత్రి, కడిగిన రోజు

చుట్టడం అనుకున్నట్టే సాగింది. వెదురు పుల్లలు తడుముతూ మందు పూసిన వైపు బయటికి ఉండేలా 25 చుట్లు. డెవలపర్ ఎనిమిది నిమిషాలు. డ్రమ్మును నాలుగు సెకన్లకొక చుట్టు తిప్పాను. తిప్పే వేగం మారితే ఫిల్మ్ మీద ముదురు, లేత పట్టీలు వస్తాయి, అందుకని ఇక్కడా మెట్రోనోమే. నీళ్ళు. హైపో పది నిమిషాలు. అయిదో నిమిషం దాటాక లైటు వేయవచ్చని తెలిసినా పది అయ్యేదాకా వేయలేదు.

లైటు వేసి చూస్తే డ్రమ్ము నిండా బూడిద రంగు దీర్ఘచతురస్రాలు, ఒక్కొక్క దాని మధ్యలో నిలువుగా తెల్లటి గీత. నెగెటివ్ కాబట్టి నీడ తెల్లగా వస్తుంది. మొదటి చుట్టులో ఎక్కడుందో పద్దెనిమిదో చుట్టులో కూడా ఫ్రేములో అక్కడే ఉంది. చుట్టూ గోడ మాత్రం ఉదయం పలచగా మొదలై, మధ్యాహ్నానికి చిక్కబడి, మళ్ళీ పలచబడింది. ఎపర్చర్ ముట్టుకోకపోవడం మంచిదైంది.

రెండు చోట్ల సన్నటి అడ్డపట్టీలున్నాయి, పైపు దగ్గర మందు కొంచెం ఎక్కువ సేపు నిలిచిన గుర్తులు. ప్లంబర్ అన్న పైపుల మీద చిన్న ముక్కలు పెట్టి ఫిల్మ్‌ను అర సెంటీమీటరు పైకి లేపుదామంటున్నాడు. వాడిన హైపోను కాలువలో పోయలేదు. అందులో కరిగిన వెండి ఉంటుంది. క్యాన్‌లో పోసి స్టీలు పీచు వేసి పెట్టాను, ఇనుము కరుగుతూ వెండిని అడుగుకు దించుతుంది.

సంక్రాంతి ముందు

ఫిల్మ్ ఆరింది, స్పూలుకు చుట్టాను. ఫోన్‌కు మాక్రో లెన్సు పెట్టి, పాత స్లైడు ఫ్రేమును గేటుగా మార్చి, ఒక్కో ఫ్రేమును కింద నుంచి వెలుగిచ్చి ఫోటో తీస్తున్నాను. పళ్ళ రంధ్రం అంచును గుర్తుగా పెట్టుకుంటే ఫ్రేములు ఊగకుండా వరుసకొస్తున్నాయి. నెమ్మదైన పని, రోజుకు కొంత అవుతోంది.

తర్వాతి రీలుకు 75 ఎంఎం ఇవార్ వాడతాను. నీడ అంచు ఒక్కటే ఫ్రేము నిండా ఉండాలి, ఎండ బాగా మారే మధ్యాహ్నపు రెండు గంటలు మాత్రమే, రెండున్నర సెకన్లకొక ఫ్రేము. అంచు నిజంగా ఎంత కదులుతుందో, ఎంత మెత్తబడుతుందో దాంతో కొలవవచ్చు. మీట నొక్కే పని ఈసారి చెల్లెది, నోటుబుక్కు నాది. కెమెరాను ముట్టకుండా మీట నొక్కే తీగ, కేబుల్ రిలీజ్, ఒకటి స్టూడియో తాత పాత సామాన్లలో ఉందట, రేపు పోయి వెతకాలి. సల్ఫైట్ ఇంకో కిలో తెచ్చి పెట్టాను.